స్వెత్లానా అనే పేరుకు అర్థమేమిటి? నిజంగా పాత రష్యన్ పేరేనా?

స్వెత్లానా_84
నా పేరు స్వెత్లానా. మాది ఖమ్మం దగ్గర పల్లె. నాన్న పార్టీ మనిషి, ఇల్లంతా మాస్కో అచ్చు పుస్తకాలే. నలభై ఏళ్ళుగా ఈ పేరుతో పడుతున్న పాట్లు ఇన్నీ అన్నీ కావు. బళ్ళో శ్వేతలానా అన్నారు, రేషన్ కార్డులో స్వేత, లానా అని రెండు ముక్కలు చేశారు, పెళ్ళి కార్డులో ఉట్టి శ్వేత అని వేయించేశారు. వాటన్నిటికీ అలవాటు పడిపోయాను. ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయిని ఇంట్లోవాళ్ళ పేర్ల కథ రాసుకు రమ్మన్నారు. నా పేరుకి అర్థం వెలుగు అని చెప్పాను. "మొట్టమొదట ఎవరు పెట్టారమ్మా, ఎప్పుడు పెట్టారు?" అని అడిగింది. నోరు పెగల్లేదు. నెట్‌లో చూస్తే ఒకచోట ప్రాచీన స్లావ్ పేరు అని ఉంది, ఇంకోచోట ఎవరో కవి పుట్టించాడని ఉంది. ఏది నిజం? సోమవారం ఇవ్వాలట. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

గుంటూరు_కారం
అందులో ఉన్నది మన శ్వేతే. సంస్కృతం నుంచి వాళ్ళు తీసుకెళ్ళారు. దానికి లానా తగిలించారు, అంతే.

పదాల_పిచ్చి
@గుంటూరు_కారం తీసుకెళ్ళలేదండీ. అవి తోబుట్టువులు. ఒకే అమ్మ కడుపున పుట్టి వేరే ఇళ్ళలో పెరిగాయి. రష్యన్‌లో స్వెత్ అంటే వెలుగు. సంస్కృతంలో శ్వేత అంటే తెలుపు. ఈ రెండు భాషలకీ మూలమైన ఇండో యూరోపియన్ భాషలో ఒకే మాట ఉండేది. అది ఒక ఇంట్లో తెలుపైంది, ఇంకో ఇంట్లో వెలుగైంది. ఏదో వినడానికి ఒకలా ఉందని అంటున్న మాట కాదిది. సంస్కృతంలో శ ఉన్నచోట రష్యన్‌లో స పలకడం చాలా మాటల్లో కనిపిస్తుంది. మన శతం వాళ్ళకు స్తో, దశ వాళ్ళకు దేస్యత్. మన శ్రవస్, వాళ్ళ స్లోవ కూడా అంతే. స్లోవ అంటే మాట.

ఇక లానా అనే ముక్క విడిగా లేనే లేదు. స్వెత్ నుంచి స్వెత్లీ వచ్చింది, అంటే వెలుగున్న, లేతరంగు అని. ఆ ల దాని సొంతం. చివర ఆడపేర్లకు వచ్చే ఆన చేరింది, తత్యానలో వినిపిస్తుందే, అది. మంచుకు స్నెగ్ అంటారు, దాన్నుంచి వచ్చిన పేరు స్నెఝాన. అదే వరస. రేషన్ కార్డులో విరిచినవాళ్ళు తప్పుచోట విరిచారు.

తెలుగు_పంతులు
పైన పదాల_పిచ్చి గారు తెలుపు, వెలుగు అన్నారు కదా. సంస్కృతంతో ఏ చుట్టరికమూ లేని మన తెలుగు మాటల్లోనూ ఇదే జరిగింది. వెల్ల అంటే తెలుపు. వెలుగు, వెలిగించు దాని పక్కనే పుట్టాయి. వెన్నెల కూడా ఆ ఇంటిదే, తెల్లని నెల. గోడకు వెల్ల వేస్తే ఇల్లు వెలుగుతుంది అనే మాటలో రెండూ ఒక్కచోట కనబడతాయి. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను, ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరించేది.

స్వెత్లానా_84
వెన్నెల! మాస్టారూ, మా అమ్మాయి పేరు వెన్నెల. తెలిసి పెట్టలేదు సుమండీ, నచ్చి పెట్టుకున్నాం.

తెలుగు_పంతులు
అయితే మీ ఇద్దరి పేర్లకూ అర్థం కుదిరిపోయిందమ్మా. ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పు.

బెజవాడ_బాబాయ్
అర్థం సరే, పేరు ఎక్కడిదో నేను చెబుతా. స్టాలిన్ కూతురు స్వెత్లానా. ఆయన పెట్టాడు కాబట్టి దేశమంతా పెట్టుకుంది, అక్కణ్ణుంచి మన పార్టీ ఇళ్ళకు వచ్చింది. మా వీధిలోనే ఒక లెనిన్, ఇద్దరు స్టాలిన్‌లు, ఒక వాలెంటీనా ఉండేవాళ్ళు. లెనిన్‌కీ పెద్ద స్టాలిన్‌కీ క్రికెట్ దగ్గర ఎప్పుడూ గొడవే.

పాతపుస్తకాల_మూర్తి
@బెజవాడ_బాబాయ్ స్టాలిన్ కూతురు పుట్టింది 1926లో. ఇంకో సోవియట్ నాయకుడు బుఖారిన్ కూతురి పేరు కూడా స్వెత్లానాయే, ఆమె 1924లో పుట్టింది. 1929లో పుట్టిన మరో నాయకుడు మొలొతోవ్ కూతురూ స్వెత్లానాయే. అంటే అప్పటికే ఆ ఇళ్ళల్లో ఈ పేరు మీద మోజు ఉంది. స్టాలిన్ మొదలుపెట్టిన పేరు కాదిది, ఆయనా అందరితోపాటు పెట్టుకున్నాడు.

అసలు కథ అంతకు నూరేళ్ళకు పైగా వెనక ఉంది. రాత్రికి తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు బస్సులో ఉన్నా.

నిక్కచ్చి
కవి పుట్టించాడన్నదే నిజమైతే దీన్ని సంప్రదాయ రష్యన్ పేరు అనకూడదు. అసలైన రష్యన్ పేర్లు ఇవాన్, నతాషా, తత్యాన, యెలేన. ఇది కథల్లో పేరు.

పదాల_పిచ్చి
@నిక్కచ్చి ఆ నాలుగింటిలో రష్యన్ మాటల నుంచి పుట్టింది ఒక్కటీ లేదు! ఇవాన్ హీబ్రూ యోహానాన్. మన బైబిల్లో యోహాను, ఇంగ్లీషులో జాన్, అన్నీ ఒకరే. నతాషా అసలు పేరు నతాల్యా, లాటిన్. తత్యాన రోమన్ల పేరు. యెలేన గ్రీకు. 988లో కీవ్ రాజు వ్లదీమిర్ క్రైస్తవం తీసుకున్నాక చర్చి పట్టికలో ఉన్న పేర్లే పిల్లలకు పెట్టారు. ఆ పట్టికలో దాదాపు అన్నీ గ్రీకు, లాటిన్, హీబ్రూ పేర్లే. పాత స్లావ్ పేర్లలో ఆ పట్టికలోకి ఎక్కినవి కొన్నే, అదీ ఆ పేరున్న మనిషి సెయింట్ అయ్యాక. వ్లదీమిర్‌కు బాప్తిస్మంలో ఇచ్చిన పేరు వసీలీ. ఆయన కొడుకులు బొరిస్, గ్లెబ్‌లకు బాప్తిస్మపు పేర్లు రొమాన్, దవీద్. జనం మటుకు వాళ్ళను పాత పేర్లతోనే గుర్తుపెట్టుకున్నారు, చివరికి ఆ పేర్లే పట్టికలోకి ఎక్కాయి.

వేర, నదెఝ్ద, లుబోవ్ అనే మూడు పేర్లున్నాయి. విశ్వాసం, ఆశ, ప్రేమ. వినడానికి అచ్చ రష్యన్ మాటలే, కానీ గ్రీకు పేర్లకు అనువాదాలు.

నిక్కచ్చి
ఇవాన్ బయటి పేరే అనుకుందాం. వెయ్యేళ్ళు అక్కడ మట్టిలో నలిగి అక్కడిదైపోయింది. నూరేళ్ళ పేరునీ దాన్నీ ఒకే గాటన కట్టకండి. అదే నేననేది.

మామిడితోట
ఒక డౌట్. స్వ్యతొస్లావ్ అనే పేరులోనూ ఈ వెలుగే ఉందా?

పదాల_పిచ్చి
@మామిడితోట లేదు. అది స్వ్యతోయ్, అంటే పవిత్రమైన. వెలుగు అనే స్వెత్‌కి మూలం వేరు. తెలుగు లిపిలో దగ్గరగా కనబడతాయి, అంతే. స్లావ్ అంటే కీర్తి. అది ఇందాక చెప్పిన శ్రవస్‌కి చుట్టం.

పాతపుస్తకాల_మూర్తి
ఇంటికొచ్చా. చెబుతా వినండి.

1802లో అలెగ్జాండర్ వొస్తోకొవ్ అనే కుర్ర కవి స్వెత్లానా, మ్‌స్తిస్లావ్ అనే జంట కథను పద్యంగా రాశాడు. అంతకుముందు ఈ పేరుతో ఏ మనిషీ కనబడదు. పాత కాలపు రష్యా కథ కాబట్టి ఆ కాలానికి సరిపోయే పేరు కావాల్సి వచ్చి తనే తయారు చేశాడు. ఈయన సంగతి ఇంకో ముచ్చట. పుట్టినప్పుడు ఇంటిపేరు ఒస్టెనెక్, జర్మన్ పేరు. జర్మన్‌లో ఓస్ట్ అంటే తూర్పు, రష్యన్‌లో తూర్పు వొస్తోక్. తన పేరును తానే రష్యన్‌లోకి మార్చుకున్నాడన్నమాట. తర్వాత పెద్ద భాషాపండితుడయ్యాడు. 11వ శతాబ్దపు చేతిరాత గ్రంథం ఒస్త్రొమీర్ సువార్తను పరిష్కరించి 1843లో అచ్చు వేయించింది ఈయనే. మాట పోత పోయడం ఎలాగో తెలిసినవాడు కాబట్టి పాతదిగా వినిపించే పేరు పోశాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా మనం ప్రాచీనమా కాదా అని వాదించుకుంటున్నామంటే ఆ పనితనం ఎంత గట్టిదో చూడండి.

కానీ వొస్తోకొవ్ పద్యంతో పేరు జనంలోకి పోలేదు. 1813లో ఝుకోవ్‌స్కీ గేయకథ స్వెత్లానా అచ్చయింది. అప్పుడు ఇల్లిల్లూ చేరింది. జనవరిలో క్రీస్తు బాప్తిస్మ పండగ ముందు రాత్రి పెళ్ళికాని పిల్లలు జోస్యం చూసుకుంటారు. కాలి జోడు తీసి గేటు బయటికి విసురుతారు, కరిగిన మైనం నీళ్ళలో పోస్తారు. స్వెత్లానా మాత్రం కళకళలాడదు. ఏడాదిగా ప్రియుడి కబురు లేదు. అర్ధరాత్రి అద్దం ముందు కొవ్వొత్తి పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటుంది. ప్రియుడు వచ్చి మంచుబండిలో తీసుకుపోతాడు, దారి చివర ఒక గుడిసె, అందులో శవపేటిక, అందులో అతనే. తెల్ల పావురం ఒకటి వచ్చి ఆమెను కాపాడుతుంది. మెలకువ వస్తుంది. అంతా కల. తెల్లారాక మంచుబండి గంటలు వినిపిస్తాయి, నిజం మనిషి ప్రాణాలతో వచ్చి గుమ్మంలో దిగుతాడు. జర్మన్ కవి బ్యూర్గర్ రాసిన లెనోర్ దీనికి మాతృక, కానీ అందులో పిల్ల బతకదు. ఝుకోవ్‌స్కీ బతికించాడు. ఆ పేరు పెట్టుకున్న పిల్లను చీకట్లో వదలబుద్ధి కాలేదేమో అని నాకనిపిస్తుంది.

ఇది ఆయన అలెగ్జాండ్రా ప్రొతాసొవా అనే బంధువులమ్మాయికి పెళ్ళి కానుకగా ఇచ్చాడు. అప్పటినుంచి ఆమెను అందరూ స్వెత్లానా అనే పిలిచారు. అర్జమాస్ అనే సాహితీ బృందంలో సభ్యులందరికీ ఆయన గేయకథల్లోంచి ముద్దుపేర్లు ఉండేవి. పూష్కిన్ పేరు కీచురాయి. ఝుకోవ్‌స్కీ పేరేమిటో తెలుసా? స్వెత్లానా!

స్వెత్లానా_84
మూర్తి గారూ, ఇది చదివి వినిపిస్తే మా వెన్నెల నోరు తెరుచుకుని కూర్చుంది. శవపేటిక దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పావురం వచ్చాక వదిలింది. మరి అప్పటినుంచే ఆడపిల్లలకు పెట్టడం మొదలుపెట్టారా?

పాతపుస్తకాల_మూర్తి
అక్కడే చిక్కు వచ్చింది. చర్చి పట్టికలో లేదు కదా, బాప్తిస్మంలో ఇవ్వరు. ముద్దుపేరుగా ఇంట్లో పిలుచుకోవాలి. ఓడలకు మాత్రం ఏ అడ్డూ లేదు! 1858లో రష్యా నౌకాదళంలో స్వెత్లానా అనే ఓడ చేరింది. ఆ పేరే పెట్టుకున్న ఇంకో యుద్ధనౌక 1905లో సుషిమా యుద్ధంలో జపాన్ చేతిలో మునిగింది. మనుషులకు పెట్టనివ్వని రోజుల్లో ఆ పేరు సముద్రం మీద తిరిగింది.

1917 విప్లవం తర్వాత పుట్టుకల నమోదు చర్చి చేతిలోంచి ప్రభుత్వ రిజిస్టరుకు మారింది. తల్లిదండ్రులకు నచ్చిన పేరు రాయించుకునే హక్కు వచ్చింది. స్వెత్లానాలు అప్పుడు పుట్టారు.

పల్నాటి_మేరీ
చర్చి మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి కలుపుతాను. యోహాను సువార్త 4వ అధ్యాయంలో యాకోబు బావి దగ్గర యేసుకు నీళ్ళు ఇవ్వమని అడగబడిన సమరయ స్త్రీ ఉంది కదా, బైబిల్లో ఆమెకు పేరు లేదు. ఆర్థడాక్స్ సంప్రదాయంలో ఆమె పేరు ఫోతినీ, గ్రీకులో ఫోస్ అంటే వెలుగు. రష్యాలో స్వెత్లానా అనే అమ్మాయికి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఫోతినియా అని ఇస్తారు, ఎందుకంటే అర్థం ఒకటే. ఆ పరిశుద్ధురాలి పండగ పాత క్యాలెండర్‌లో మార్చి 20, ఇప్పటి లెక్కలో ఏప్రిల్ 2. చాలామంది స్వెత్లానాలు ఆ రోజునే పేరు పండగ చేసుకుంటారు. ఊరి బావి దగ్గర కడవతో నిలబడ్డ ఆమె నాకు చిన్నప్పటినుంచీ మా అమ్మమ్మలా కనిపిస్తుంది. ఆమె పేరు వెలుగు అని తెలిసిన రోజు ఎంత సంతోషపడ్డానో.

రేడియో_రాంబాబు
మీరంతా మనుషుల గురించి మాట్లాడుతున్నారు. నా షెల్ఫ్‌లో నాలుగు స్వెత్లానాలు ఉన్నాయి, వాల్వులు! లెనిన్‌గ్రాడ్‌లో స్వెత్లానా అనే ఫ్యాక్టరీ బల్బులు చేసేది, తర్వాత రేడియో వాల్వులు చేసింది. ఆంప్లిఫైయర్ వాళ్ళు ఇప్పటికీ వెతుక్కుని కొంటారు. గాజు మీద రెక్కలున్న సి అక్షరం ఉంటుంది. అది ఇంగ్లీషు సి కాదు, రష్యన్ స. స్వెత్లానాలో మొదటి అక్షరం. స్విచ్ వేశాక అర నిమిషానికి లోపల తీగ నారింజ రంగులో వెలుగుతుంది. బల్బుకు ఇంతకన్నా మంచి పేరు దొరకదు.

గుంటూరు_కారం
బల్బు పేరని స్కూల్లో రాయకండి మేడం, పిల్లలు ఏడిపిస్తారు 😀

స్వెత్లానా_84
@గుంటూరు_కారం తను అదే ముందు రాసుకుంది! రెక్కల అక్షరం బొమ్మ కూడా వేసింది.

ఢిల్లీ_తెలుగు
స్టాలిన్ కూతురి కథలో మన దేశం కూడా ఉంది. ఆమె ప్రేమించిన బ్రజేశ్ సింగ్ ఉత్తరప్రదేశ్‌లోని కాలాకాంకర్ వాడు. 1966లో మాస్కోలో పోయాడు. అస్థికలు గంగలో కలపాలని ఆ డిసెంబరులో ఆమె ఇక్కడికి వచ్చింది. అప్పుడు తిరిగి వెళ్ళలేదు. 1967 మార్చి 6న ఢిల్లీలో అమెరికా ఎంబసీకి నడిచి వెళ్ళి ఆశ్రయం అడిగింది. అమెరికాలో పెళ్ళి చేసుకున్నాక లానా పీటర్స్ అయింది. 2011లో అక్కడే పోయింది. ఆ పేరులోంచి స్వెత్ తీసేస్తే మిగిలేది లానా. అది చదివినప్పుడు నాకు గుండె బరువెక్కింది. వెలుగు ముక్కే పోయింది.

బెజవాడ_బాబాయ్
ఆమెను పార్టీ ఎంత బాధపెట్టిందో కూడా రాయాలి కదా, మీరు రాయరు. అసలు ఆ రోజుల్లో...

నిర్వాహకుడు
బాబాయ్, రాజకీయం వేరే చర్చలో. ఇక్కడ పేరు గురించే.

వోల్గా_డాక్టర్
నేను ఇక్కడ రష్యాలో వైద్యం చదువుతున్నా, ఐదో ఏడు. వాడుక సంగతి చెబుతాను. స్వెత్లానా అని పూర్తిగా ఎవరూ పిలవరు. స్నేహితులైతే స్వేత, ముద్దుగా స్వేతచ్క, స్వేతిక్. పెద్దవాళ్ళను, టీచర్లను పిలిచేటప్పుడు పేరు పక్కన తండ్రి పేరు తప్పనిసరి. నాన్న ఇవాన్ అయితే స్వెత్లానా ఇవానొవ్న. మనం గారు అంటామే, ఆ మర్యాద అంతా ఆ రెండో పేరులో ఉంటుంది.

ఇంకొకటి. మా బ్యాచ్‌లో రష్యన్ అమ్మాయిలు అరవై మంది దాకా ఉన్నారు, ఒక్క స్వేత కూడా లేదు. హాస్పిటల్లో సీనియర్ నర్సుల్లో ముగ్గురున్నారు. యాభై, అరవైల దశకాల్లో ఊరంతా స్వేతలేనట. మన దగ్గర వరలక్ష్మి అనగానే వయసు తెలిసిపోతుంది చూడండి, అలా.

స్వెత్ అంటే వాడుకలో కరెంటు కూడా. మొదటి ఏడు హాస్టల్లో ఒక రాత్రి కరెంటు పోయింది. కారిడార్‌లో అందరూ "స్వేత న్యెత్, స్వేత న్యెత్" అని అరుస్తున్నారు. వెలుగు లేదు అని. మా రూమ్మేట్, స్వేత అనే అమ్మాయి ఎవరో కనపడటం లేదనుకుని, టార్చి పట్టుకుని మెట్లన్నీ వెతికొచ్చాడు.

రేడియో_రాంబాబు
@వోల్గా_డాక్టర్ ఆ రూమ్మేట్ మంచివాడయ్యా. నా తరఫున టీ ఇప్పించు.

మామిడితోట
పలకడం ఎలా తమ్ముడూ? స్వెట్లానా అని ట రాసేవాళ్ళూ ఉన్నారు.

వోల్గా_డాక్టర్
@మామిడితోట త. రష్యన్‌లో మన ట లాంటి శబ్దం లేదు. స్వె అన్నచోట నాలుక కొంచెం మెత్తబడుతుంది, స్వ్యెకి దగ్గరగా. ఊనిక లా మీద పడుతుంది, కాబట్టి అది సాగుతుంది. చివర న పొట్టిది. స్వెత్లాన. మనమే చివర నా అని లాగుతాం.

నిక్కచ్చి
నిన్న రాత్రి నుంచి అన్నీ చదివాను. ఒక మాట వెనక్కి తీసుకుంటున్నా. సంప్రదాయం కాదు అన్నాను. ఓడలకు పెట్టుకున్నారు, చర్చిలో దానికి జోడీ పేరు వెతుక్కున్నారు, రెండు మూడు తరాల ఆడపిల్లలకు పెట్టుకున్నారు. ఇంతమంది మోశాక అది వాళ్ళదే. పాత పేరు మాత్రం కాదు. ఆ పాయింటు మీద నేను అక్కడే ఉన్నా.

పదాల_పిచ్చి
@నిక్కచ్చి ఒప్పుకుంటా. పేరుకు రెండు వందల ఏళ్ళు, అందులోని మాటకు వేల ఏళ్ళు. పాపకు ఆ రెండూ రాయమనండి.

శ్వేత_హనుమకొండ
నేనిక్కడ చదవడమే తప్ప రాయను. నా పేరుకి రష్యాలో అక్క ఉందని ఇవాళ తెలిసింది. థాంక్స్ అందరికీ.

స్వెత్లానా_84
ఆదివారం అమ్మాయిని తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళొచ్చాను. నాన్నకు ఇప్పుడు ఎనభై. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు, ఏ పుస్తకంలోదో అయి ఉంటుందిలే అనుకున్నా. వెన్నెల అడిగింది: "తాతయ్యా, అమ్మకు స్టాలిన్ కూతురి పేరు పెట్టావా?" నాన్న నవ్వి, లేచి, బీరువాలోంచి ఒక రష్యన్ కథల పుస్తకం తీశారు. అట్ట ఊడిపోయింది, దారం కుట్టు ఉంది. మధ్యలో పేపర్ ముక్క, మడత దగ్గర చిరిగింది. స్వెత్లానా సవీత్‌స్కయ ఫొటో. 1984 జులై 25న సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూత్-7 బయటికి వచ్చి అంతరిక్షంలో నడిచిన మొదటి ఆడమనిషి. మూడున్నర గంటలు బయటే ఉండి వెల్డింగ్ పని చేసిందట. ఆ ఏప్రిల్‌లోనే మన రాకేశ్ శర్మ వెళ్ళొచ్చింది ఆ స్టేషన్‌కే. నేను పుట్టింది జులై 28న.

"ఆడపిల్ల అని మీ నాయనమ్మ మొహం ముడుచుకుంది, నేను పేపర్ చూపించాను" అన్నారు నాన్న.

ఆ ముక్క వెనక నీలం సిరాతో నా పేరు రాసి ఉంది. వోల్గా తమ్ముడూ, చివర న పొట్టిదే. స్వెత్లాన. బళ్ళో వేసేటప్పుడు ఎవరో దీర్ఘం తగిలించారు. వెన్నెల రాసుకున్న కాగితంలో ఆ దీర్ఘం కొట్టేసి ఇచ్చింది.

తెలుగు_పంతులు
మరి ఇక్కడి పేరు కూడా మార్చుకోమ్మా.

స్వెత్లాన_84
మార్చుకున్నాను మాస్టారూ.